ఊలుతో ఇంటికి పనికొచ్చే చిన్న వస్తువులు: కొలత తీయడం నుంచి ఆఖరి పోగు దాచడం దాకా

"నిట్ వచ్చు, పర్ల్ వచ్చు, సూది మీదికి కుట్లు ఎక్కించడం, చివర్లో మూసేయడం కూడా వచ్చు. అయినా ఏం అల్లినా సరిగ్గా కుదరడం లేదు." (నిట్, పర్ల్ అంటే సూదులతో అల్లే రెండు మూల కుట్లు.) చాలామంది ఇదే మాట రకరకాలుగా అడుగుతున్నారు. ఒకరి చతురస్రం పోనుపోను వెడల్పైపోతోంది. ఇంకొకరి సీసా తొడుగు వదులు సాక్సులా కిందికి జారిపోతోంది. మరొకరి గుడ్డ ఒక్క ఉతుకుకే చేతిరుమాలంత అయింది.

చేయి తిరగకపోవడం వల్ల వచ్చే తప్పులు ఇందులో తక్కువే. ఎక్కువ తప్పులు సూదులు పట్టుకోకముందే, దారం ఎంచుకునేటప్పుడూ కొలత తీసేటప్పుడూ జరిగిపోతాయి. అందుకే ఇక్కడ తయారీ గురించి కాస్త ఎక్కువే చెబుతున్నాను.

## 1. ముందుగా తేల్చుకోవాల్సినవి

డిజైన్ అంటే రంగులూ పూలూ అనుకుంటాం. ఇంటి వస్తువుకు డిజైన్ ఈ నాలుగు ప్రశ్నలతో మొదలవుతుంది:

- ఇది తడుస్తుందా?
- దీనికి వేడి తగులుతుందా?
- దేన్నయినా బిగించి పట్టుకోవాలా, లేక పరిచినట్టు ఉండాలా?
- ఎన్ని రోజులకోసారి ఉతుకుతాం?

మొదటి రెండు ప్రశ్నల జవాబులతో దారం తేలిపోతుంది. మూడోదాన్ని బట్టి అల్లిక రకం తేలుతుంది. నాలుగోది రంగు గురించి: తరచూ ఉతికే గుడ్డలో ముదురు ఎరుపు, తెలుపు పక్కపక్కన వాడాలంటే రెండు దారాల ముక్కల్నీ ముందే కలిపి నీళ్ళలో నానబెట్టి చూడండి.

## 2. దారం, సూదులు, మిగతా సరంజామా

మనం అన్నిటినీ "ఊలు" అనేస్తాం. కానీ ఆ పేరుతో దొరికే ఉండల్లో చాలావరకు యాక్రిలిక్. లేబుల్ చదవకుండా కొనకండి.

నూలు దారం: నీళ్ళు పీలుస్తుంది, వేడికి కరగదు. గిన్నెలు తుడిచే గుడ్డలు, మసిగుడ్డలు, కప్పుల కింద పెట్టే ముక్కలకు ఇదే సరైనది. సాగే గుణం తక్కువ కాబట్టి అల్లుతుంటే వేళ్ళు కాస్త నొప్పి పెడతాయి.

అసలు ఊలు: సాగి మళ్ళీ తన ఆకారానికి వస్తుంది, వేడిని బాగా ఆపుతుంది. కానీ వేడినీళ్ళలో వేసి రుద్దితే ముద్దకట్టి కుంచించుకుపోతుంది.

యాక్రిలిక్: తేలిక, రంగు నిలుస్తుంది, ఉతకడం సులువు. సీసా తొడుగు, కుర్చీ కాళ్ళ తొడుగు, చిన్న సంచి లాంటి వాటికి బాగుంటుంది. వేడి గిన్నె దగ్గరికి మాత్రం దీన్ని రానివ్వకండి, కరుగుతుంది. అందంగా ఉందని ఒకసారి యాక్రిలిక్‌తో మసిగుడ్డ అల్లాను. మూడో రోజుకే మూకుడు అంచు తగిలినచోట దారం గట్టిపడి ప్లాస్టిక్ పెంకులా అయింది. అది చేతికి అంటుకోకపోవడం నా అదృష్టం.

మొదటి వస్తువులకు మధ్యరకం మందం దారం, 4 లేదా 4.5 మి.మీ. సూదులు చాలు. లేబుల్ మీద సూది సైజు ఉంటుంది. అక్కడి నుంచి మొదలుపెట్టి మీ చేతికి తగ్గట్టు మార్చుకోవచ్చు. రెండు ఉండలు కొంటుంటే రెండింటి మీదా డై లాట్ నంబరు (ఒకే విడతలో రంగు వేసిన దారానికి ఇచ్చే నంబరు) ఒకటేనా అని చూడండి. వేరైతే, దుకాణంలో ఒకేలా కనిపించిన రంగు అల్లాక గీత గీసినట్టు తేడాగా కనబడుతుంది.

దగ్గర ఉంచుకోవాల్సినవి:

- కొలత టేపు, కత్తెర
- పెద్ద కన్నం, మొద్దు మొన ఉన్న కుట్టుసూది
- క్రోషే కొక్కెం (జారిన కుట్లు ఎత్తడానికి)
- నాలుగైదు పిన్నీసులు (గుర్తులకు)
- వంటింటి డిజిటల్ తూకం (దీని ఉపయోగం ముందు ముందు తెలుస్తుంది)
- కాగితం, పెన్ను

## 3. నమూనా ముక్క: తప్పించుకోకండి

ఇదే దారం, ఇవే సూదులు, ఏ అల్లిక వాడబోతున్నారో అదే అల్లిక. కనీసం 24 కుట్లు ఎక్కించి, సుమారు 11 సెం.మీ. ఎత్తు వచ్చేదాకా అల్లి మూసేయండి.

ఇప్పుడు దాన్ని ఉతకండి. అసలు వస్తువును ఎలా ఉతుకుతారో అలాగే. ఆరాక బల్ల మీద పరిచి, లాగకుండా కొలవండి. అంచు కుట్లు వంకరగా ఉంటాయి కాబట్టి అంచు నుంచి అంచుకు కొలవొద్దు. మధ్యలో 10 సెం.మీ. దూరానికి రెండు పిన్నీసులు గుచ్చి, వాటి మధ్య ఎన్ని కుట్లున్నాయో లెక్కపెట్టండి. అరకుట్టు వచ్చినా రాసుకోండి. దాన్ని వదిలేస్తే 10 సెం.మీ.లో తేడా తెలియదు గానీ 50 సెం.మీ.లో రెండున్నర కుట్లు తేడా వస్తుంది.

తర్వాత ముక్క మొత్తం పొడవు, వెడల్పు కొలిచి, తూచి ఆ లెక్కా రాయండి.

"ఇంత చిన్న వస్తువుకు నమూనా ఎందుకు, దారం దండగ" అంటారు. నూలు ముక్క అయితే దాన్నే కప్పు కింద పెట్టుకోండి. నా దగ్గర కప్పుల కింద వాడే ముక్కలన్నీ ఒకప్పటి నమూనాలే.

## 4. కొలతను కుట్లుగా మార్చడం

సూత్రం ఒక్కటే: కావలసిన వెడల్పు × 10 సెం.మీ.లోని కుట్లు ÷ 10.

ఉదాహరణకు పళ్ళెం కింద పరిచే ముక్క కావాలి, 25 సెం.మీ. వెడల్పు, 35 సెం.మీ. పొడవు. అన్ని వరసలూ నిట్ వేసే గార్టర్ అల్లికలో మీ నమూనాకు 10 సెం.మీ.లో 18 కుట్లు వచ్చాయనుకుందాం. 25 × 18 ÷ 10 = 45 కుట్లు.

పొడవుకు గార్టర్‌లో ఒక వెసులుబాటు ఉంది. రెండు వరసలు కలిస్తే పొలం గట్టులా ఒక గీత పైకి తేలుతుంది. ఆ ఒక్క గట్టు ఎత్తు దాదాపు ఒక కుట్టు వెడల్పుతో సమానం. కాబట్టి 45 కుట్ల వెడల్పుకు 45 గట్లు వేస్తే చతురస్రం. 35 సెం.మీ. పొడవుకు 35 × 18 ÷ 10 = 63 గట్లు, అంటే 126 వరసలు. వరసలు లెక్కపెట్టడం కంటే గట్లు లెక్కపెట్టడం కంటికి చాలా తేలిక.

దారం సరిపోతుందా అన్నది తూకం చెబుతుంది. నమూనా ముక్క 150 చదరపు సెం.మీ. ఉండి 9 గ్రాములు తూగిందనుకోండి. అంటే 100 చదరపు సెం.మీ.కు 6 గ్రాములు. మన ముక్క 25 × 35 = 875 చదరపు సెం.మీ. దానికి 52.5 గ్రాములు. కొసలకు, పొరపాట్లకు కొంత కలుపుకుంటే 60. అంటే 50 గ్రాముల ఉండ ఒకటే కొని మొదలుపెడితే ముగింపుకు కాస్త ముందే ఆగిపోతారు.

అల్లిక రకం ఎంచుకోవడానికి ఇంత తెలిస్తే చాలు:

- గార్టర్: చదునుగా పడి ఉంటుంది, మందంగా వస్తుంది. పరిచే వస్తువులకు.
- రిబ్ (2 నిట్, 2 పర్ల్): సాగి బిగుసుకుంటుంది. తొడుగులకు.
- స్టాకినెట్ (ఒక వరస నిట్, ఒక వరస పర్ల్): నున్నగా అందంగా ఉంటుంది, కానీ అంచులు చుట్టుకుపోతాయి. ఇస్త్రీ చేసినా మళ్ళీ చుట్టుకుంటాయి. పరిచే వస్తువుకు వాడాలనే ఉంటే నాలుగు వైపులా నాలుగైదు కుట్ల గార్టర్ అంచు పెట్టండి.

## 5. మొదటి వస్తువు: మూల నుంచి పెరిగే గుడ్డ

మొదటిసారి అల్లేవాళ్ళకు నేను ఎప్పుడూ ఇదే చెబుతాను. దీనికి కుట్ల లెక్క ముందే తెలియక్కర్లేదు. ఒక మూలలో మొదలై, ఐమూలగా పెరిగి, సగం నుంచి తగ్గుతూ ఎదుటి మూలలో ముగుస్తుంది.

ఇందులో కొత్త పని "చుట్టు" ఒక్కటే. దారాన్ని రెండు సూదుల మధ్య నుంచి ముందుకు తెచ్చి, కుడి సూది మీదుగా వెనక్కి వేసి తర్వాతి కుట్టు నిట్ చేయడమే. ఒక కుట్టు పెరుగుతుంది, చిన్న కన్నం పడుతుంది. ఆ కన్నాల వరసే ఈ గుడ్డకు అంచు డిజైన్.

1. 4 కుట్లు ఎక్కించి, ఒక వరస నిట్ చేయండి.
2. 2 నిట్, చుట్టు, మిగతావన్నీ నిట్. ప్రతి వరసా ఇదే. ఒక్కో వరసకు ఒక్కో కుట్టు పెరుగుతుంది.
3. పక్క అంచు మీకు కావలసిన కొలతకు వచ్చాక పెంచడం ఆపండి. మధ్యరకం దారంతో 45 కుట్ల దగ్గర ఆపితే గిన్నెలు తుడిచేంత గుడ్డ వస్తుంది.
4. ఇక తగ్గించడం: 1 నిట్, రెండు కుట్లు కలిపి నిట్, చుట్టు, మళ్ళీ రెండు కలిపి నిట్, మిగతావన్నీ నిట్. రెండు తగ్గి ఒకటి పెరుగుతుంది కాబట్టి వరసకు ఒక కుట్టు తగ్గుతుంది.
5. 4 కుట్లు మిగిలాక మూసేయండి.

తూకం ఇక్కడ ఇంకో మేలు చేస్తుంది. మొదలుపెట్టేముందు ఉండను తూచండి. సగం బరువు అయ్యేదాకా పెంచి, అక్కడి నుంచి తగ్గించండి. మిగిలిపోయిన చిన్న ఉండను దాదాపు ఆసాంతం వాడేయొచ్చు. సరిగ్గా సగం దాకా వెళ్ళకుండా ఒకట్రెండు గ్రాముల ముందే మలుపు తిరగండి.

గుడ్డ ఒక వైపు సాగినట్టుంటే, ఏదో ఒక వరసలో చుట్టు మరిచిపోయారన్నమాట. అంచు పొడవునా కన్నాలు చూసుకుంటూ వెళ్తే ఎక్కడ లేదో అక్కడ దొరుకుతుంది.

## 6. రెండో వస్తువు: సీసా తొడుగు

తొడుగు ఎప్పుడూ సీసా కంటే చిన్నదిగా ఉండాలి. సరిగ్గా సీసా చుట్టుకొలతకే అల్లితే జారిపోతుంది. సుమారు పదో వంతు తగ్గించండి, సాగి పట్టుకుంటుంది.

చుట్టుకొలత 22 సెం.మీ. అనుకుందాం. పదో వంతు తీస్తే దాదాపు 20. రిబ్ అల్లికలో నమూనా చేసి, కొద్దిగా సాగదీసి పట్టుకుని కొలిస్తే 10 సెం.మీ.లో 20 కుట్లు వచ్చాయనుకోండి. 40 కుట్లు కావాలి. కలిపి కుట్టేటప్పుడు రెండు వైపులా ఒక్కో కుట్టు లోపలికి పోతుంది కాబట్టి ఇంకో 2 కలపండి. మొత్తం 42.

1. ఒక సైజు పెద్ద సూదితో, వదులుగా 42 కుట్లు ఎక్కించండి. ఇది మూతి వైపు. బిగుతుగా ఎక్కిస్తే సీసా దూరదు. తర్వాత మామూలు సూదులకు మారండి.
2. మొదటి వరస: 2 నిట్, ఆపైన (2 పర్ల్, 2 నిట్) చివరిదాకా.
3. రెండో వరస: 2 పర్ల్, ఆపైన (2 నిట్, 2 పర్ల్) చివరిదాకా. ఇక ఈ రెండు వరసలే మళ్ళీ మళ్ళీ. కాగితం చూడక్కర్లేదు: మీ వైపు ఇంగ్లిష్ "వి" ఆకారం కనిపిస్తే నిట్, అడ్డంగా బొడిపె కనిపిస్తే పర్ల్.
4. సీసా భుజం నుంచి అడుగు దాకా ఉన్న ఎత్తు కంటే 1 సెం.మీ. ఎక్కువ అల్లండి. పక్కలకు సాగినప్పుడు ఎత్తు కాస్త తగ్గుతుంది.
5. అడుగు భాగం: (5 నిట్, 2 కలిపి నిట్) ఆరుసార్లు. 36 కుట్లు మిగులుతాయి. తర్వాతి వరస మొత్తం నిట్.
6. (4 నిట్, 2 కలిపి నిట్) ఆరుసార్లు, 30 కుట్లు. మళ్ళీ ఒక వరస నిట్. ఇలాగే మధ్యలో ఒక్కో నిట్ తగ్గిస్తూ 24, 18, 12, చివరికి 6 కుట్లు.
7. తొడుగు ఎత్తుకు రెండింతల కంటే కాస్త ఎక్కువ దారం వదిలి కత్తిరించండి. కుట్టుసూదితో ఆ 6 కుట్ల గుండా దారం లాగి, బిగించి, అదే దారంతో పక్క కుట్టేయండి.

పక్క కుట్టేటప్పుడు అంచు కుట్టుకూ దాని పక్క కుట్టుకూ మధ్య నిచ్చెన మెట్లలా అడ్డ పోగులు కనిపిస్తాయి. ఈ వైపు ఒక మెట్టు, ఆ వైపు ఒక మెట్టు సూదితో ఎత్తుతూ పోండి. మూడు నాలుగు సెం.మీ.కోసారి దారం లాగితే రెండు అంచులూ దగ్గరికొచ్చి అతుకు మాయమవుతుంది. చెరో వైపూ ఒక్కో నిట్ కుట్టు లోపలికి పోయి, మిగిలిన రెండూ కలిసి రిబ్‌లో మరో జతగా కుదురుకుంటాయి. 42 అనే లెక్క ఇందుకే.

మీ సీసా వేరే కొలతైతే: నాలుగుతో భాగిస్తే 2 మిగిలే సంఖ్య (34, 38, 42, 46) ఎంచుకోండి. అది ఆరుతో భాగించదగ్గది కాకపోతే అడుగు మొదటి వరసలోనే రెండు లేదా నాలుగు చోట్ల అదనంగా కలిపి నిట్ చేసి ఆరు లెక్కలోకి తెచ్చేసుకోండి.

## 7. మూడో వస్తువు: మసిగుడ్డ

నూలుగానీ అసలు ఊలుగానీ వాడండి. కన్నాలున్న డిజైన్ వద్దు. ఒక్క పొర చాలదు. లేబుల్ మీద చెప్పిన దానికంటే ఒక సైజు చిన్న సూదులతో, గార్టర్‌లో, గట్టిగా అల్లండి.

18 సెం.మీ. చతురస్రానికి, 10 సెం.మీ.కు 18 కుట్ల లెక్కన 32 కుట్లు. 64 గట్లు వేస్తే పొడవు వెడల్పుకు రెట్టింపు అవుతుంది. సగానికి మడిచి మిగిలిన మూడు వైపులా కుట్టేస్తే రెండు పొరల గుడ్డ తయారు. మడత లోపల ఇంకో పాత నూలు గుడ్డ ముక్క పెట్టి కుట్టేస్తే ఇంకా మంచిది.

తగిలించుకోవడానికి ఉంగరం కావాలంటే: 20 కుట్లు ఎక్కించి, వెంటనే మూసేయండి. సన్నని తాడు వస్తుంది. దాన్ని మడిచి మూలలో కుట్టండి.

ఎంత బాగా అల్లినా తడిగా ఉన్న మసిగుడ్డతో వేడి గిన్నె పట్టుకోవద్దు. నీళ్ళ గుండా వేడి చటుక్కున చేతికి ఎక్కుతుంది.

## 8. ఎక్కడ తప్పుతుంది, ఎలా సరిచేయాలి

కుట్లు వాటంతటవే పెరుగుతున్నాయి. నా మొదటి గుడ్డ 20 కుట్లతో మొదలై 31తో ముగిసింది. కారణం దాదాపు ఎప్పుడూ వరస మొదట్లోనే ఉంటుంది. సూది తిప్పి పట్టుకున్నాక దారం కింద వేలాడాలి. అది సూది పైనుంచి వెనక్కి వెళ్తే మొదటి కుట్టు పైకి లాగబడి, దాని రెండు కాళ్ళూ రెండు కుట్లలా కనిపిస్తాయి. రెండింటినీ నిట్ చేసేస్తాం. నిట్ మొదలుపెట్టే ముందు దారాన్ని కిందికి లాగి, సూది కింద నుంచి వెనక్కి తీసుకోండి. మొదట్లో ప్రతి నాలుగు వరసలకోసారి కుట్లు లెక్కపెట్టండి.

వరస మధ్యలో అనుకోకుండా కన్నం. నిట్ నుంచి పర్ల్‌కు మారేటప్పుడు దారం సూదుల మధ్య నుంచి కాకుండా సూది పైనుంచి వెళ్ళింది. అంటే తెలియకుండా ఒక చుట్టు పడింది. తర్వాతి వరసలో దాన్ని అల్లకుండా సూది నుంచి జారవిడిచేయండి. ఆ కాస్త దారం పక్క కుట్లలోకి సర్దుకుపోతుంది.

కుట్టు జారింది. కంగారుపడి లాగకండి. ముందు ఒక పిన్నీసు తగిలించి ఆపండి. పైన నిచ్చెన మెట్లలా పోగులు కనిపిస్తాయి. నిట్ వైపు నుంచి కొక్కెం కుట్టులో పెట్టి, ఒక్కో మెట్టునూ కుట్టులోంచి లాగుతూ పైదాకా రండి. గార్టర్ అయితే ఒక మెట్టు ముందు నుంచి, తర్వాతిది వెనక నుంచి లాగాలి.

మధ్యలో వదిలేసి వచ్చాక ఎటు అల్లాలో తెలియడం లేదు. ఉండ నుంచి వచ్చే దారం కుడి సూది మీద ఉండాలి. ఎడమ చేతిలో ఉంటే తిప్పి పట్టుకోండి. వీలైతే వరస పూర్తిచేశాకే లేవండి.

మొదటి అంచు ముడుచుకుపోయి, పైన వెడల్పుగా ఉంది. ఎక్కించింది బిగుతైంది. ఒక సైజు పెద్ద సూదితో ఎక్కించండి. మూసేటప్పుడూ అంతే.

చేయి నొప్పి, కుట్లు సూది మీద కదలడం లేదు. దారం బిగువు (టెన్షన్) ఎక్కువైంది. కుట్లు సూది మొన దగ్గరి సన్నని భాగం మీద కాకుండా పూర్తి మందం మీద పడేలా చూసుకోండి. చాలామందికి దీంతోనే తగ్గుతుంది.

మూసే వరసకు దారం చాలలేదు. గార్టర్‌లో ఒక్కో వరసకు ముక్క వెడల్పుకు సుమారు నాలుగు రెట్లు దారం పడుతుంది. మూయడానికీ అంతే ఉంచుకోండి. వరస మొదలుపెట్టే ముందు మిగిలిన దారాన్ని ముక్క మీద అటూ ఇటూ నాలుగుసార్లు వేసి చూసుకుంటే చాలు.

## 9. ముగింపు పనులు

కొత్త దారం ఎప్పుడూ అంచులోనే కలపండి, ప్రతి కొసా జానెడు వదలండి. ముడి వేస్తే చేతికి గుచ్చుకుంటుంది, ముడి ఊడిపోవచ్చు కూడా. కొసను కుట్టుసూదికి ఎక్కించి, గట్టు వెంబడి రెండు మూడు సెం.మీ. దూర్చి, వెనక్కి తిప్పి పక్క గట్టులో దూర్చి, ఇంకోసారి అడ్డంగా దూర్చండి. మూడు దిక్కులకు తిరిగిన నూలు కొస ఊడి రాదు. ఉతికాకే మిగిలిన కొసను కత్తిరించండి.

కొసలు దాచాక తడిపి, పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, చదునుగా పరిచి, మూలలు సర్ది ఆరనివ్వండి. యాక్రిలిక్ మీద వేడి ఇస్త్రీ పెట్టొద్దు. అల్లిక చచ్చి మెత్తగా వేలాడిపోతుంది, మళ్ళీ కోలుకోదు.

ఇంట్లోవాళ్ళ చేతికి ఇచ్చేముందు చూసుకోవాల్సినవి:

- తొడుగు కాకపోతే: ఎక్కించిన కుట్లు, మూసిన కుట్లు ఒకే సంఖ్యా?
- వెలుతురుకు ఎత్తి చూస్తే అనుకోని కన్నాలున్నాయా?
- కొసలన్నీ దాచారా?
- ఒకసారి ఉతికి చూశారా, రంగు దిగిందా?
- తొడుగైతే: సీసా నింపి, తలకిందులుగా పట్టి ఊపితే జారుతోందా?

జారితే మొత్తం విప్పక్కర్లేదు. అతుకు ఒక్కటే విప్పి, ఈసారి రెండు వైపులా ఒకటికి బదులు రెండేసి కుట్లు లోపలికి పోయేలా కుట్టండి. లెక్క మాత్రం కాగితం మీద మార్చి, లేబుల్‌తో పాటు నమూనా ముక్కకు పిన్నీసుతో గుచ్చి ఉంచుకోండి.